కండ్లు పైకి పోతే, అక్షరాలు అలుక్కుపోతే

మీ ఇంట్లో ఎవరికైనా ఈ మధ్యే మానసిక వ్యాధికి మందులు మొదలుపెట్టారా? అయితే ఈ అధ్యాయం ముందు చదవండి. మిగతా పుస్తకం తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

లేని మాటలు చెవిలో వినపడటం, అందరూ తనకు కీడు తలపెడుతున్నారన్న అనుమానం, రాత్రుళ్లు నిద్ర లేకుండా తిరగడం, పట్టలేని ఉద్రేకం. ఇలాంటి వాటికి డాక్టర్లు రాసే మందుల్ని యాంటీసైకోటిక్స్ అంటారు. మీ చీటీ మీద హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఒలాంజపిన్, క్వెటియాపిన్, క్లోజపిన్, క్లోర్‌ప్రోమజిన్, ట్రైఫ్లూపెరజిన్, అమిసల్‌ప్రైడ్, అరిపిప్రజోల్ అన్న పేర్లలో ఏదో ఒకటి కనిపిస్తే ఇది మీ కోసమే. ఈ మందులు ఎందరినో మళ్లీ మనుషుల్లో కలిపాయి. పొలానికి, మగ్గానికి, బడికి తిరిగి పంపాయి. కానీ వీటిలో కొన్ని కంటి మీద కూడా పనిచేస్తాయి. ఆ సంగతి ముందే ఎవరూ చెప్పకపోతే ఏమవుతుంది? ఒక రాత్రి ఇల్లంతా భయపడిపోతుంది, తెల్లారేసరికి గోలీల డబ్బా పెంటకుప్ప మీద ఉంటుంది, నెల తిరిగేలోపు జబ్బు తిరగబెడుతుంది. దీన్ని ఆపడం మీ చేతిలో ఉన్న పనే.

ముందుగా ఆ భయపెట్టే రాత్రి గురించే మాట్లాడుకుందాం.

అయిజ దగ్గర ఒక పల్లె అనుకోండి. ఇరవై రెండేళ్ల అబ్బాయి. ఎవరో చంపడానికి వస్తున్నారంటూ మూడు రాత్రులు కునుకు తీయలేదు. నాయిన, మేనమామ కలిసి కర్నూలు తీసుకుపోయారు. అక్కడ హాలోపెరిడాల్ సూది వేసి, గోలీలు రాసి పంపారు. పిల్లాడు హాయిగా పడుకున్నాడు. ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది. రెండో రోజు పొద్దుగూకే వేళ చాయ్ తాగుతూ తాగుతూ తల వెనక్కి వాల్చాడు. నల్లగుడ్లు పైకి పోయాయి. తెల్లగుడ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. మెడ వంకర తిరిగింది, దవడ ఒక పక్కకు గుంజుకుపోయింది. కండ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. "అవ్వా, కండ్లు కిందికి వస్తలేవే" అంటున్నాడు.

ఇప్పుడు వాకిట్లో ఏం జరుగుతుందో మీరు ఊహించగలరు. ఒకాయన గాలి సోకిందంటాడు. ఇంకొకరు ఫిట్స్ అని అరిచేతిలో తాళంచెవుల గుత్తి పెడతారు. మూడో మనిషి అప్పటికే మంత్రగాడికి ఫోన్ కలుపుతుంటాడు. "పిచ్చి మందులు వద్దంటే విన్నరా" అని అవ్వ మీద విరుచుకుపడేవాళ్లూ ఉంటారు.

ఆ పిల్లాడి మాట మళ్లీ ఒకసారి వినండి. తన కండ్లు కిందికి రావడం లేదని తానే చెప్తున్నాడు. ఒళ్లంతా కొట్టుకునే పెద్ద ఫిట్స్‌లో మనిషికి తెలివి ఉండదు, పిలిస్తే పలకడు. ఇక్కడ తెలివి పూర్తిగా ఉంది, పిలిస్తే పలుకుతున్నాడు. భయపడుతున్నాడు, నొప్పి అంటున్నాడు. కంటిగుడ్లను తిప్పే కండరాలు బిగుసుకుపోయాయి, అంతే. డాక్టర్లు దీన్ని ఆక్యులోజైరిక్ క్రైసిస్ అంటారు. ఈ మందుల వల్ల వచ్చే కండరాల బిగువుల్లో ఇదొకటి. మందు మొదలుపెట్టిన, లేదా డోసు పెంచిన మొదటి నాలుగైదు రోజుల్లోనే ఎక్కువగా వస్తుంది. పడుచు మగపిల్లల్లో ఎక్కువ. సూది రూపంలో ఇచ్చినప్పుడు ఎక్కువ. హాలోపెరిడాల్ లాంటి పాత, బలమైన మందులతో ఎక్కువ. నెలకోసారి, పదిహేను రోజులకోసారి వేసే ఫ్లూఫెనజిన్ లాంటి సూది అయితే వేసిన ఒకటి నుంచి మూడు రోజుల్లో కనిపించొచ్చు.

చూడ్డానికి ఎంత భయంకరంగా ఉంటుందో, తగ్గడం అంత తేలిక. ఫెనర్గాన్ అని పిలిచే ప్రోమెథజిన్ సూది గానీ, దానిలాంటి విరుగుడు మందు గానీ ఒంట్లో పడితే చాలామందికి అరగంటలోపే కండ్లు దిగుతాయి. కాబట్టి ఆ సమయంలో చేయాల్సింది ఇదీ:

1. మనిషిని కూర్చోబెట్టండి, లేదా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. దగ్గర ఒక్కరే ఉండండి, మిగతా వాళ్లను బయటికి పంపండి. "ఇది మందు వల్ల వచ్చింది, సూదితో తగ్గిపోతుంది" అని మళ్లీ మళ్లీ చెప్పండి. అతనికి అన్నీ వినపడుతున్నాయి. దయ్యం అన్న మాట కూడా వినపడుతుందని మరచిపోకండి.

2. ఫోన్ తీసి అర నిమిషం వీడియో తీయండి. దవాఖాన చేరేసరికి కండ్లు వాటంతట అవే దిగిపోవచ్చు, కాసేపటికి మళ్లీ పైకి పోవచ్చు. వీడియో ఉంటే డ్యూటీ డాక్టరుకు క్షణంలో అర్థమవుతుంది.

3. గోలీల అట్టలు, చీటీ, సూది వేసిన కాగితం అన్నీ ఒక సంచిలో వేసుకోండి. వెళ్లాల్సింది దగ్గర్లో ఉన్న ప్రభుత్వ దవాఖానకే. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో 2022 నుంచి, గద్వాలలో 2024 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. హైదరాబాద్ దాకా పోవాలేమోనని రాత్రంతా కారు కోసం తిరగకండి. ఈ విరుగుడు సూది ఖరీదైనదేమీ కాదు.

4. ఊపిరి అందకపోయినా, గొంతు పట్టేసినట్టు శబ్దం వస్తున్నా, మింగలేకపోతున్నా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. గొంతు కండరాలు బిగుసుకుంటే అది ప్రాణం మీదికి వస్తుంది. ఒళ్లు కాలిపోయే జ్వరంతో పాటు మనిషి కట్టెలా బిగుసుకుపోయినా అంతే.

5. కండ్లు దిగాయని లేచి వచ్చేయకండి. ఒంట్లో ఉన్న అసలు మందు ప్రభావం విరుగుడు కన్నా ఎక్కువసేపు ఉంటుంది. అందుకే కొన్ని రోజులకు పాసిటేన్ లాంటి గోలీలు రాస్తారు. అవి తీసుకోండి. తర్వాతి డోసు వేయాలా, తగ్గించాలా, వేరే మందుకు మారాలా అన్నది అక్కడే అడిగి తెలుసుకోండి.

చేయకూడనివి? కనురెప్పలు పట్టుకుని గుడ్లను కిందికి లాగొద్దు. నోట్లో చెంచా పెట్టొద్దు. నీళ్లు పోయొద్దు. పొగ వేయొద్దు.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. ఊళ్లో వాంతులకు వేసే సూదులతో కూడా అచ్చం ఇలాగే కావొచ్చు. మెటాక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్ ఉన్న మందులతో, అసలు మానసిక వ్యాధే లేని పిల్లలకు కూడా, మెడ తిరిగి కండ్లు పైకి పోతాయి. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకున్న సాయంత్రమే ఇలా అయితే ఆ సూది పేరు రాయించుకుని దవాఖానకు పోండి. దానికీ విరుగుడు అదే.

మన పాలమూరు వైపు కల్తీ కల్లు గోస ఒకటి ఉంది కదా. కల్లులో కలిపే ఆల్ప్రజోలం, డయజెపాంలకు అలవాటుపడ్డ మనిషి ఉన్నట్టుండి కల్లు మానితే చేతులు వణుకుతాయి, అవీ ఇవీ కనిపిస్తున్నాయంటాడు, కొందరికి నిజంగానే ఫిట్స్ వస్తాయి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు మన జిల్లాల నుంచి ఎంతమంది ఇలా దవాఖానల పాలయ్యారో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అలాంటి మనిషిని తీసుకుపోయినప్పుడు కల్లు సంగతి దాచకండి. కల్లు మానడం వల్ల వచ్చిన ఫిట్స్ ఏదో, మందు వల్ల పైకి పోయిన కండ్లేవో డాక్టరు తేల్చుకోవాలంటే మీరు నిజం చెప్పాలి. సిగ్గుపడాల్సింది కల్తీ చేసినవాడు, మీరు కాదు.

మందులు కుదిరాక ఏళ్ల తర్వాత కూడా కొందరికి అలసిన సాయంత్రాల్లో కండ్లు పైకి లాగుతుంటాయి. దాంతోపాటే గుండెదడ, పాత భయాలు తిరిగొచ్చినట్టు ఉంటుంది. జబ్బు మళ్లీ ముదిరిందని హడావుడిగా డోసు పెంచమని అడగకండి. ఏ రోజు, ఏ వేళకు, ఎంతసేపు అని రాసిపెట్టుకుని డాక్టరుకు చూపించండి. మందు మారిస్తే సర్దుకునే వీలుంది.

ఇక రెండో ఇబ్బంది, అక్షరాలు అలుక్కుపోవడం. ఇది ప్రాణం తీయదు. కానీ పని తీస్తుంది, అందుకే మందు మాన్పించడంలో దీనిదే పెద్ద చెయ్యి అని నా నమ్మకం.

గద్వాల మగ్గం మీద పనిచేసే మనిషిని తలచుకోండి. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పోగు పట్టుపోగుతో కలిసే చోట ప్రతి వరుసలోనూ చేత్తో మెలిక వేయాలి. జానెడు దూరంలో వెంట్రుకంత పోగు. ఒలాంజపిన్ మొదలైన వారానికి ఆ పోగు రెండుగా కనిపిస్తే? లేదా మల్దకల్ వైపు సీడ్ పత్తి చేలో క్రాసింగ్‌కు వెళ్లే అమ్మాయిని తలచుకోండి. మొగ్గను చీల్చి కేసరాలు తీయడమంటే కంటితో చేసే పని. చూపు ఆనకపోతే మొగ్గ పాడవుతుంది, మేస్త్రీ రేపట్నుంచి రావొద్దంటాడు. "గోలీలు మింగితే కూలీ పోయె" అని ఆ ఇంట్లో అనుకుంటే తప్పు పడతామా?

జరిగేది ఏమిటంటే, దగ్గరి వస్తువును చూసేటప్పుడు కంటి లోపలి కటకాన్ని సర్దే చిన్న కండరం ఒకటుంటుంది. క్లోజపిన్, ఒలాంజపిన్, క్లోర్‌ప్రోమజిన్ లాంటివి దాన్ని మందగింపజేస్తాయి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: బిగువులకు ఇచ్చే పాసిటేన్‌కు ఈ గుణం ఇంకా ఎక్కువ. దానికి తోడు మెడికల్ షాపులో కొనుక్కునే జలుబు గోలీ ఒకటి పడిందంటే మసక రెట్టింపవుతుంది.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోండి. గోడకున్న క్యాలెండర్‌లో తేదీలు దూరం నుంచి కనిపిస్తున్నాయా? కనిపిస్తున్నాయి. అదే చేతిలోని పేపర్ చదవబోతే అలుక్కుపోతోందా? మందు మొదలుపెట్టాకే ఇలా ఉందా? అయితే చాలామటుకు అది మందు మసకే. కొన్ని వారాల్లో ఒళ్లు అలవాటుపడి తగ్గుతుంది. తగ్గకపోతే డోసు సర్దొచ్చు, పాసిటేన్ తగ్గించొచ్చు లేదా ఆపొచ్చు. "ఈ పాసిటేన్ ఇంకా అవసరమా సార్?" అని అడిగే హక్కు మీకుంది. ఎన్నో ఇళ్లల్లో అది అవసరం తీరినా ఏళ్ల తరబడి చీటీ మీద అలాగే సాగుతుంటుంది.

ఈ కొన్ని వారాల్లో సంతలో రెడీమేడ్ అద్దాలు కొనకండి. అద్దాల నంబరు మార్పించుకోకండి. మందు మసక తగ్గాక ఆ అద్దాలు పనికిరావు. 2018లో, మళ్లీ 2023లో కంటి వెలుగు శిబిరాల్లో ఇచ్చిన అద్దాలు పెట్టుకునేవాళ్లు మన ఊళ్లల్లో చాలామంది ఉన్నారు. అవి ఉన్నట్టుండి ఆనకపోతే అద్దాల తప్పని పారేయకండి, ఈ మధ్య ఏ గోలీ కొత్తగా మొదలైందో చూసుకోండి. చూపు తేటపడేదాకా బండి, ట్రాక్టరు, ఆటో నడపొద్దు. మగ్గం పనిలో సన్నటి అంచు వేరేవాళ్లకు ఇచ్చి కొన్నాళ్లు కండెలు చుట్టే పని మీరు చూసుకోండి. ఇలాంటి సర్దుబాటు ఇంట్లో అడగడానికి మొహమాటం వద్దు.

కండ్లు పొడిబారి ఇసుక పడ్డట్టు గరగర అనడం కూడా ఇందులో భాగమే. రెప్ప కొట్టడం తగ్గడం వల్ల కూడా అలా ఉంటుంది. కన్నీటి చుక్కలు డాక్టరు రాస్తే వేసుకోవచ్చు. కానీ కన్ను ఎర్రబడిందని షాపులో ఏదో చుక్కల మందు అడిగి తెచ్చుకోవడం మాత్రం పెద్ద పొరపాటు. వాటిలో కొన్నింట్లో స్టెరాయిడ్ ఉంటుంది, నెలల తరబడి వేసుకుంటే కంటిలో పీడనం పెరిగి చూపే పోతుంది. ఆముదం, చనుబాలు, ఆకు పసర్లు కంట్లో పోయడం కూడా అంతే ప్రమాదం.

ఇప్పుడు చెప్పేది బాగా గుర్తుపెట్టుకోండి. మసక ఒక్కటే అయితే వారం ఆగొచ్చు. కానీ ఒక కన్ను ఉన్నట్టుండి విపరీతంగా నొప్పి పెట్టి, ఎర్రబడి, బల్బు చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తూ, తలనొప్పి, వాంతులు వస్తే? అది ఒకరకం నీటికాసుల వ్యాధి హఠాత్తుగా రావడం కావొచ్చు. యాభై దాటినవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, దూరానికి కూడా ప్లస్ అద్దాలు వాడేవాళ్లకు, ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. వాంతులను చూసి అజీర్తి అనుకుని సోడా తాగించి పడుకోబెడితే తెల్లారేసరికి ఆ కన్ను పోవచ్చు. ఆ రాత్రే కంటి దవాఖానకు పోవాలి. గద్వాల, అలంపూర్ వాళ్లకు కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి దగ్గర. నాగర్‌కర్నూల్ పక్కన తూడుకుర్తిలో ఎల్.వి. ప్రసాద్ సంస్థ వారి కంటి కేంద్రం ఉంది. హైదరాబాద్ మెహిదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది.

ఏళ్ల తరబడి మందు వాడేవాళ్లు గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. క్లోర్‌ప్రోమజిన్ 1952 నుంచి వాడుకలో ఉన్న మందు. పెద్ద డోసుల్లో ఏళ్లపాటు వాడితే కంటి కటకం మీద, నల్లగుడ్డు మీది పొర మీద సన్నటి మచ్చలు పేరుకుంటాయి. చాలామందికి చూపేమీ తగ్గదు. ఆ మందుకు ఎండ పడదు కాబట్టి చేలోకి పోయేటప్పుడు తలకు రుమాలు, వీలైతే నల్లద్దాలు ఉండాలి. థయోరిడజిన్ అనే పాత మందు రోజుకు 800 మిల్లీగ్రాములు దాటితే కంటి తెర దెబ్బతినేది. దాన్ని తయారుచేసిన కంపెనీ గుండెకు హాని ఉందని 2005లో ప్రపంచమంతటా ఆపేసింది. ఒకప్పుడు ఎక్కువకాలం అది వాడినవాళ్లు కంటి డాక్టరుకు ఆ మాట చెప్పండి. క్వెటియాపిన్‌తో శుక్లాలు వస్తాయన్న భయం కుక్కల మీద చేసిన పరీక్షల నుంచి పుట్టింది, మనుషుల్లో అది రుజువు కాలేదు. ఏడాదికోసారి కంటి పరీక్ష చేయించుకుంటే చాలు.

నాకు వీటన్నిటి కన్నా ఎక్కువ దిగులు పుట్టించేది షుగర్. ఒలాంజపిన్, క్లోజపిన్‌లతో బరువు పెరిగి షుగర్ రావడం మామూలే. ఆ షుగర్ చడీచప్పుడు లేకుండా కంటి తెరను తినేస్తుంది. మందు మొదలైనప్పుడు, మూడు నెలలకు, ఆ తర్వాత ఏటా రక్తపరీక్ష చేయించండి. షుగర్ తేలితే ఏటా కంటి తెర పరీక్ష తప్పనిసరి.

కనురెప్పలు పదేపదే కొట్టుకోవడం, ఎండలోకి వెళ్లగానే వాటంతట అవే బిగుసుకుని మూసుకుపోవడం నెలలు, ఏళ్లు మందు వాడాక కనిపిస్తే అది అలవాటు కాదు, నటన అసలే కాదు. ఎంత త్వరగా చెప్తే అంత మంచిది. ఎవరికి వారు మందు ఆపేస్తే కొన్నాళ్లు ఇంకా ఎక్కువ కావొచ్చు. దీనికి రెప్పల దగ్గర వేసే సూదులు కూడా ఉన్నాయి.

అన్నిటికన్నా ఎక్కువమంది చేసే పొరపాటు ఏమిటి? మానసిక వ్యాధుల డాక్టరు దగ్గర కంటి మాట ఎత్తరు, కంటి డాక్టరు దగ్గర మానసిక మందుల మాట ఎత్తరు. పెద్దమ్మకు ఊళ్లో ఉచిత శిబిరంలో శుక్లాల ఆపరేషన్ ఖాయమవుతుంది. ఆమె నాలుగేళ్లుగా రిస్పెరిడోన్ వాడుతోందని కోడలికి తెలుసు. కానీ నలుగురిలో చెప్తే పరువు పోతుందని చెప్పదు. రిస్పెరిడోన్ వాడేవాళ్లకు ఆపరేషన్ మధ్యలో కంటిపాప ఉన్నట్టుండి చిన్నదై, దాని చుట్టూ ఉండే పొర వదులైపోవచ్చు. సర్జన్‌కు ముందే తెలిస్తే సిద్ధపడి ఉంటాడు. తెలియకపోతే ఆ కన్ను ఇబ్బందిలో పడుతుంది. అందుకని గోలీ మానేసి వెళ్లాల్సిన పని లేదు, చెప్తే చాలు. నలుగురిలో చెప్పలేకపోతే చీటీ మడిచి సిస్టర్ చేతిలో పెట్టండి.

డాక్టరు దగ్గర మాట రాక తడబడేవాళ్ల కోసం, కాగితం మీద రాసుకుపోవాల్సినవి:

1. ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ తేదీన మొదలైంది, ఎప్పుడు పెంచారు.

2. కంటికి ఏమవుతోంది: దూరమా, దగ్గరా, ఒక కన్నా, రెండూనా, పొద్దున్నా, సాయంత్రమా.

3. దాని వల్ల ఏ పని ఆగింది. "మసక" అంటే ఒకరకంగా వింటారు, "పది రోజులుగా మగ్గం ఎక్కలేదు" అంటే ఇంకోరకంగా వింటారు.

4. షుగర్, బీపీ, నీటికాసులు, కల్లు, మద్యం, వేరే గోలీలు ఏమైనా ఉన్నాయా.

డాక్టరు విసుక్కుంటారేమోనని భయమా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 22వ సెక్షన్, ఇవ్వబోయే చికిత్స గురించి, దాని దుష్ప్రభావాల గురించి రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలంటోంది. గొంతు పెంచక్కర్లేదు. "సార్, ఈ గోలీతో కండ్లకు ఏమైనా అయితదా? అయితే ఏం చేయాలె?" అని మందు రాసిన రోజే అడగండి. విరుగుడు గోలీ ఇంట్లో పెట్టుకోవాలా, ఎప్పుడు వేయాలి అన్నది చీటీ మీదే రాయించుకోండి. క్లోజపిన్ లాంటి మందును ఒక్కసారిగా ఆపితే జబ్బు ముందుకన్నా బలంగా తిరగబడొచ్చు కాబట్టి, మందు ఆపాలనిపించిన రోజున ఆపకముందే ఫోన్ చేయండి. డాక్టరు నంబరు దొరకకపోతే టెలి మానస్ 14416 ఉంది. డబ్బులు పడవు, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరును మందుల డబ్బా మూత మీద పెన్నుతో రాసిపెట్టండి, ఇంట్లో చదువొచ్చిన చిన్నపిల్లలకు కూడా చూపించండి.